రెండు మెరుపులు, ఒకే క్షణం

వెలుగు వేట – 7వ భాగం

గత భాగంలో వాయు లేజర్లు పుట్టిన కథ చదివారు. 1963లో హెర్డ్ నైట్రోజన్ వాయువు నుంచి 337 నానోమీటర్ల అతినీలలోహిత పల్సు తీశాడు. మరుసటి ఏడాది, మహారాష్ట్రలోని బారామతిలో పుట్టిన సి. కుమార్ పటేల్ అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కార్బన్ డయాక్సైడ్ వాయువుతో పరారుణ లేజరు చేశాడు. 1970లో కెనడాలోని వాల్కార్టియే రక్షణ పరిశోధనశాలకు చెందిన జాక్ బోలియు అదే వాయువును మామూలు గాలి పీడనం దగ్గర, పల్సు పల్సుగా పేల్చి చూపించాడు. కార్బన్ డయాక్సైడ్ లేజరుది కంటికి కనపడని ఎరుపు అవతలి కాంతి, నైట్రోజన్ లేజరుది కంటికి కనపడని ఊదా అవతలి కాంతి. అప్పటిదాకా ఎవరి దారి వారిది. 1970ల మొదట్లో ఆ రెండింటినీ ఒకే గదిలోకి తెచ్చి, ఒకే వాయువు మీద, ఒకే క్షణంలో పడేలా చేయాలని అమెరికా, సోవియట్ యూనియన్ పంతం పట్టాయి. ఆ పంతం ఎందుకు వచ్చింది, ఎవరు గెలిచారు అన్నదే ఈ భాగం.

వెయ్యిలో ఏడు

మార్కాపురం పలక ఏ రాతి నుంచి వస్తుందో పశ్చిమ ప్రకాశం వాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఆ పలకరాయి భూగర్భ శాస్త్రవేత్తలు కడప బేసిన్ అని పిలిచే పురాతన శిలల సముదాయంలో ఒక పొర. అదే సముదాయంలో ఇంకా కింది పొర ఒకటి కడప జిల్లా వేముల మండలంలో పైకి తేలింది. అందులో యురేనియం ఉంది. తుమ్మలపల్లె గని, దాని పక్కన ఖనిజం నుంచి యురేనియం తీసే కర్మాగారం 2012లో ప్రారంభమయ్యాయి.

తుమ్మలపల్లెదైనా, కెనడాదైనా, కాంగోదైనా, గని నుంచి తీసిన యురేనియం ఒకే తీరుగా ఉంటుంది. వెయ్యి పరమాణువుల్లో 993 దాకా 238 బరువువి, 7 మాత్రమే 235 బరువువి. అణు రియాక్టరులో తేలికగా చీలి వేడినిచ్చేది ఆ ఏడే. మామూలు నీటితో నడిచే రియాక్టర్లకు ఆ ఏడు సరిపోవు. వాటి వాటాను 20 నుంచి 50 దాకా పెంచాలి. దానినే యురేనియం శుద్ధి పెంచడం అంటారు. బాంబుకైతే వెయ్యిలో 900 దాకా కావాలి. ఈ కథలో రాజకీయమంతా ఆ రెండు అంకెల మధ్యే నడుస్తుంది. విద్యుత్తు కోసం కట్టిన యంత్రమే బాంబు కోసమూ పనికొస్తుంది.

చిక్కేమిటంటే 235, 238 రెండూ రసాయనికంగా ఒకటే. ఏ ఆమ్లమూ ఒకదాన్ని కరిగించి రెండోదాన్ని వదిలిపెట్టదు. తేడా బరువులో ఉంది, అదీ చాలా స్వల్పం. రెండో ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా ఓక్ రిడ్జ్‌లో కె-25 అనే పెద్ద కర్మాగారం కట్టింది. అందులో యురేనియం హెక్సాఫ్లోరైడ్ అనే వాయువును సన్నటి రంధ్రాల గోడల గుండా తోస్తారు. తేలికైన అణువు రవ్వంత ముందు దాటుతుంది. ఒక మెట్టు దాటితే దక్కే లాభం ఎంత తెలుసా? సిద్ధాంతం ప్రకారం అత్యధికంగా 1.0043 రెట్లు. అంటే వెయ్యికి పైగా మెట్లు, వాటికి వేల పంపులు, ఒక మహానగరం వాడేంత కరెంటు.

1973 అక్టోబరులో అరబ్బు–ఇజ్రాయెల్ యుద్ధం వచ్చింది. చమురు ధర కొద్ది నెలల్లో దాదాపు నాలుగింతలైంది. పడమటి దేశాలు అణు విద్యుత్తు వైపు పరుగెత్తాయి. శుద్ధి చేసిన యురేనియం కావాలంటే కమ్యూనిస్టేతర ప్రపంచంలో అప్పటికి దాదాపు ఒకే అంగడి, అమెరికాది. బ్రిటన్, నెదర్లాండ్స్, పశ్చిమ జర్మనీ కలిసి గిరగిరా తిరిగే సెంట్రిఫ్యూజి యంత్రాలతో అప్పటికే యురెన్కో మొదలుపెట్టాయి. ఫ్రాన్స్ నాయకత్వంలో యూరోడిఫ్ పుట్టింది. పోటీ వస్తోందని తెలిసిన అమెరికా, వీటన్నిటినీ ఒక్కసారిగా పాతవి చేసే ఉపాయం కోసం చూసింది. వెయ్యి మెట్లు ఎక్కడం మానేసి, గుంపులోంచి 235 ఒక్కదాన్నే వేలు పెట్టి చూపించి బయటికి లాగలేమా? ఆ వేలు లేజరు కాంతి కావచ్చని అప్పటికే కొందరికి తోచింది.

వాల్తేరు లెక్క

లేజరుకు 235 ఎలా తెలుస్తుంది? కంపనం వల్ల. యురేనియం హెక్సాఫ్లోరైడ్ అణువులో నడుమ ఒక యురేనియం, దానికి ఆరు వైపులా ఆరు ఫ్లోరిన్ పరమాణువులు ఉంటాయి. అణువు స్థిరంగా ఉండదు, ఎప్పుడూ కంపిస్తుంది. ఎన్ని తీరులుగా కంపిస్తుంది, వాటిలో ఏది పరారుణ కాంతిని పీల్చుకుంటుంది అన్నవి అణువు ఆకారంలోని సౌష్ఠవాన్ని బట్టి గణితంతో తేల్చవచ్చు.

ఈ గణితాన్ని విద్యార్థుల చేతికి అందించిన తొలి పుస్తకాల్లో ఒకటి మన దగ్గరే వెలువడింది. కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టి, కలకత్తాలో సి.వి. రామన్ దగ్గర పనిచేసిన సూరి భగవంతం వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యారు. ఆయన, టి. వెంకటరాయుడు కలిసి భౌతికశాస్త్ర సమస్యలకు గ్రూప్ సిద్ధాంతాన్ని ఎలా వాడాలో వివరిస్తూ రాసిన గ్రంథాన్ని 1948లో ఆ విశ్వవిద్యాలయమే అచ్చువేసింది. పుస్తకం రాసినవారి మనసులో యురేనియం లేదు, లేజరు అప్పటికి పుట్టనే లేదు. అయినా అణువు కంపనాలను వర్గీకరించే ఆ పద్ధతే తర్వాత ఈ పోటీలో ప్రతి ప్రయోగశాలకూ అక్షరాభ్యాసం అయింది.

ఆ లెక్క ప్రకారం ఇలాంటి ఆరు మూలల అణువుకు 15 కంపనాలు, వాటికి 6 వేర్వేరు పౌనఃపున్యాలు ఉంటాయి. ఆరింటిలో రెండు మాత్రమే పరారుణాన్ని పీల్చుకుంటాయి. ఆ రెండింటిలోనే నడుమనున్న యురేనియం కదులుతుంది. మిగతా కంపనాల్లో అది కదలక నిలబడితే చుట్టూ ఫ్లోరిన్లే ఊగుతాయి. అంటే నడుమనున్నది 235 అయినా 238 అయినా తేడా కనిపించేది ఆ రెండింటిలోనే. వాటిలో బలమైనది 16 మైక్రాన్ల దగ్గర ఉంది. అక్కడ 235కు, 238కు మధ్య తేడా వెయ్యిలో ఒక వంతు. లేజరు రంగు అంతకన్నా ఎంతో కచ్చితంగా ఉంటుంది కాబట్టి ఆ వంతు చాలు. ఫ్లోరిన్‌కు సహజంగా ఒకే ఐసోటోపు ఉండటం కూడా కలిసొచ్చింది. అణువు బరువులో తేడా ఉందంటే అది యురేనియం వల్లే.

మాస్కో శివార్లలో

గుర్తు పట్టడం ఒక ఎత్తు, విడదీయడం ఇంకో ఎత్తు. ఒక్క పరారుణ ఫోటాన్ అణువును ఊపగలదు కానీ విరగ్గొట్టలేదు. అతినీలలోహిత ఫోటాన్ విరగ్గొట్టగలదు కానీ 235, 238 అని చూడదు. రెండింటినీ వరసగా వాడితే? మొదట పరారుణం 235 అణువులను మాత్రమే ఊపుతుంది. ఊగుతున్న అణువు, నిలకడగా ఉన్న అణువు కన్నా అతినీలలోహితాన్ని ఎక్కువగా పీల్చుకుంటుంది. ఆ రెండో దెబ్బకు అది విరిగిపోతుంది.

ఈ రెండు దెబ్బల పద్ధతిని ముందుగా పట్టుకుని పనిచేసిన వారిలో ప్రముఖుడు వ్లాదిలెన్ లెతొఖోవ్. మాస్కో శివార్లలోని త్రోయిత్స్క్‌లో సోవియట్ సైన్సు అకాడమీ వారి స్పెక్ట్రోస్కోపీ సంస్థ ఆయన కార్యక్షేత్రం. అంబర్త్సుమ్యాన్ తదితరులతో కలిసి ఆయన 1972–73లో అమోనియా మీద ప్రయోగం చేశారు. కార్బన్ డయాక్సైడ్ లేజరు పల్సుతో 15 బరువున్న నైట్రోజన్ గల అమోనియాను ఊపి, వెంటనే అతినీలలోహిత మెరుపుతో విరగ్గొట్టారు. నైట్రోజన్ ఐసోటోపులు విడిపోయాయి. విడిపోయింది రవ్వంతే, కానీ దారి తెరుచుకుంది.

తర్వాత వచ్చింది అసలు ఆశ్చర్యం. 1974–75లో అదే బృందం సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ మీద బలమైన కార్బన్ డయాక్సైడ్ పల్సు పడేసింది. ఈ అణువుకూ నడుమ ఒకటి, చుట్టూ ఆరు. దాన్ని విరగ్గొట్టాలంటే 30కి పైగా పరారుణ ఫోటాన్లు కావాలి. అన్ని ఫోటాన్లను ఒకే అణువు వరసగా మింగుతుందని అప్పటి సిద్ధాంతాలేవీ చెప్పలేదు. అయినా మింగింది, విరిగింది. పైగా ఏ సల్ఫర్ ఐసోటోపును ఎంచుకుంటే అదే విరిగింది. అతినీలలోహితం సాయమే అక్కర్లేకపోయింది. అమెరికాలోని లాస్ అలమోస్‌లో జాన్ లైమన్, రీడ్ జెన్సెన్, పాల్ రాబిన్సన్ బృందం కూడా 1975లోనే ఇదే ఫలితం ప్రకటించింది. రష్యన్ పత్రికలోనూ అమెరికన్ పత్రికలోనూ ఒకే ఏడాది ఒకే సంగతి అచ్చయింది.

సల్ఫర్ గురించి రెండు పక్షాలూ ధారాళంగా రాసుకున్నాయి. యురేనియం మాట వచ్చేసరికి నోళ్లు మూతపడ్డాయి. సల్ఫర్ అణువుకు సరిపోయే 10.6 మైక్రాన్ల లేజరు బజారులో దొరుకుతుంది. యురేనియం అణువుకు కావలసిన 16 మైక్రాన్ల దగ్గర అంత బలమైన లేజరు లేదు. అందుకే యురేనియం దగ్గర మళ్లీ రెండు రంగుల పద్ధతికే రావలసి వచ్చింది.

దొనకొండలో క్రాసింగు

లాస్ అలమోస్ వాళ్లకు ముందు చలి కావాల్సి వచ్చింది. గది వేడిమి దగ్గర యురేనియం హెక్సాఫ్లోరైడ్ అణువులు అప్పటికే రకరకాలుగా ఊగుతుంటాయి. 235 గీత, 238 గీత ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. మామూలుగా చల్లారిస్తే వాయువు గడ్డకడుతుంది. దానికి ఉపాయం నాజిల్. వేరే తేలిక వాయువుతో కలిపి, సన్నటి చీలిక గుండా శూన్యంలోకి ధ్వనిని మించిన వేగంతో వదిలితే, గడ్డకట్టే వ్యవధి లేకుండానే వాయువు మహాచల్లగా అవుతుంది. అణువుల్లో ఎక్కువ భాగం ఊగడం ఆపేస్తాయి. అప్పుడు రెండు గీతలూ విడివిడిగా కనిపిస్తాయి. ఆ చల్లటి జెట్ సెకనుకు వందల మీటర్ల వేగంతో పోతుంటుంది. కాంతి దాన్ని దారిలోనే పట్టుకోవాలి.

తర్వాత 16 మైక్రాన్ల కాంతి. 1976లో స్టాన్‌ఫర్డ్‌కు చెందిన రాబర్ట్ బైయర్ ఒక దారి చూపించాడు. కార్బన్ డయాక్సైడ్ లేజరు పల్సును చల్లబరిచిన హైడ్రోజన్ గొట్టంలోకి పంపి, అద్దాల మధ్య పదేపదే తిప్పితే, ప్రతి ఫోటాన్ నుంచి హైడ్రోజన్ కొంత శక్తి తీసుకుంటుంది. మిగిలిన కాంతి సరిగ్గా 16 మైక్రాన్ల దగ్గర బయటికొస్తుంది. రామన్ 1928లో కలకత్తాలో కనిపెట్టిన ప్రభావమే ఇక్కడ లేజరు బలంతో పనిచేసింది. ఇక అతినీలలోహితం సంగతి. 1975లో అమెరికా ప్రయోగశాలల్లో జడవాయువు, హాలోజన్ కలిసిన ఎక్సైమర్ లేజర్లు పుట్టాయి. వాటిలో జీనాన్, క్లోరిన్ కలయికతో 308 నానోమీటర్ల పల్సు వస్తుంది. పాత నైట్రోజన్ లేజరు ఇవ్వలేని బలం దానికి ఉంది.

రెండు కాంతులూ సిద్ధం. ఇప్పుడు అసలు చిక్కు, కాలం. ఊపిన 235 అణువు ఎక్కువసేపు తన గుర్తింపు నిలుపుకోదు. పక్కనున్న 238 అణువును ఢీకొంటే ఊపు దానికి అంటుకుంటుంది. అప్పుడు అతినీలలోహితం వచ్చి తప్పు అణువును విరగ్గొడుతుంది. కాబట్టి ఆ ఢీ జరిగే లోపే రెండో దెబ్బ పడాలి. అంటే మైక్రోసెకను లోపు.

పశ్చిమ ప్రకాశంలోని దొనకొండ స్టేషనులో బళ్ల క్రాసింగు చూసినవారికి ఈ చిక్కు ఇట్టే అర్థమవుతుంది. ఒంటి లైను మీద గుంటూరు బండి ఇటు నుంచి, గుంతకల్లు బండి అటు నుంచి వస్తున్నాయనుకోండి. రెండూ దొనకొండలో ఒకేసారి చేరాలంటే ఒకేసారి బయలుదేరితే కుదరదు. గుంతకల్లు దూరం ఎక్కువ, ఆ బండి ముందు కదలాలి. రోజూ ఒకే లెక్కన ఆలస్యమయ్యే బండితో స్టేషన్ మాస్టరుకు ఇబ్బంది లేదు, టైంటేబులు దానికి తగ్గట్టు రాసుకుంటాడు. ఒకరోజు పది నిమిషాలు, మర్నాడు గంట, ఆ మర్నాడు ముందే వచ్చే బండితోనే చిక్కు.

లేజర్లకూ ఇవే రెండు చిక్కులు. కార్బన్ డయాక్సైడ్ లేజరులో విద్యుత్తు మెరుపు పడ్డాక కాంతి బయటికి రావడానికి దాదాపు ఒక మైక్రోసెకను పడుతుంది. ముందుగా నైట్రోజన్ శక్తి పుచ్చుకుని, దాన్ని నెమ్మదిగా కార్బన్ డయాక్సైడ్‌కు అప్పగించాలి. ఎక్సైమర్‌లో మెరుపు, కాంతి దాదాపు వెంట వెంటనే వస్తాయి. పల్సు పొడవు పదుల నానోసెకన్లే. పైగా పరారుణం హైడ్రోజన్ గొట్టంలో అద్దాల మధ్య పదుల మీటర్లు తిరిగి రావాలి. కాంతి నానోసెకనుకు 30 సెంటీమీటర్లే నడుస్తుంది కాబట్టి ఆ ఆలస్యమూ లెక్కలోకి వస్తుంది. అందుకని పరారుణానికి ముందు మీట నొక్కాలి, అతినీలలోహితానికి తర్వాత. ఎంత తర్వాతో ఒకసారి కొలిచి పెట్టుకుంటే ఆ పని అయిపోయినట్టే.

రెండో చిక్కు అంత సులువుగా లొంగలేదు. రెండు లేజర్లకూ పదుల కిలోవోల్టుల విద్యుత్తును ఒక్కసారిగా విడిచే స్విచ్చి కావాలి. చవక స్విచ్చి స్పార్క్ గ్యాప్. రెండు లోహపు గుండ్ల మధ్య గాలి తెగి నిప్పురవ్వ పడుతుంది. ఎప్పుడు తెగుతుందన్నది గాలి తేమ, దుమ్ము, గుండ్ల అరుగుదల బట్టి ప్రతిసారీ మారుతుంది. దాన్ని నమ్ముకుంటే రెండు పల్సులూ ఒకసారి కలుస్తాయి, పదిసార్లు తప్పుతాయి. దీనికి జవాబు రెండో ప్రపంచయుద్ధం నుంచి వచ్చింది. రాడార్ల కోసం అమెరికాలో తయారైన హైడ్రోజన్ థైరాట్రాన్ అనే గాజు గొట్టం, మీట నొక్కిన తర్వాత కొద్ది నానోసెకన్ల తేడాతో ప్రతిసారీ ఒకే వేళకు తెరుచుకుంటుంది. ఆ గొట్టం లేజర్లలో రెండో జన్మ ఎత్తింది.

ఆ గదుల్లో ఒక రోజు

వాయు లేజర్లతో పనిచేసే గది ఎలా ఉంటుందో చెప్పకపోతే ఈ కథ సగమే. అడుగు పెట్టగానే ఓజోను వాసన ముక్కుకు తగులుతుంది. కెపాసిటర్ల దగ్గర పనిచేయాలంటే ముందు ఎర్తింగు కర్రతో వాటిని తాకి మిగిలిన విద్యుత్తు దింపాలి. పేల్చిన ప్రతిసారీ గట్టి చప్పుడు, దాంతోపాటు రేడియో అలల గోల. ఆ గోలకు పక్కనున్న ఆసిలోస్కోపు తెర మీద గీతలు పిచ్చి గీతలవుతాయి. రెండు పల్సుల మధ్య దూరం కొలవాల్సిన పరికరమే మొదట దెబ్బతింటుంది. అందుకే ఆసిలోస్కోపును రాగి జాలీ గదిలో కూర్చోబెట్టి, సంకేతాలను కవచమున్న తీగల్లో పంపేవారు. ఆ తీగల పొడవు కూడా లెక్కలోకి వస్తుంది. మీటరు తీగకు దాదాపు 5 నానోసెకన్ల ఆలస్యం.

కాంతులు కంటికి కనపడవు. పరారుణం ఎక్కడ పడుతోందో తెలుసుకోవడానికి కాగితం అడ్డుపెట్టి మాడిన మచ్చ చూసుకునేవారు. అతినీలలోహితానికి తెల్ల కాగితం చాలు, నీలంగా మెరుస్తుంది. రెండు మచ్చలూ ఒకదాని మీద ఒకటి పడేదాకా అద్దాల మరలు తిప్పడం పూటపూటా ఉండే పని. ఎక్సైమర్ వాయువులో హైడ్రోజన్ క్లోరైడ్ గొట్టాన్నే తినేస్తుంది, పల్సు బలం గంట గంటకూ పడిపోతుంది. యురేనియం హెక్సాఫ్లోరైడ్‌కు గాలిలో తేమ తగిలితే ఒంటిని కాల్చే హైడ్రోజన్ ఫ్లోరైడ్ పుడుతుంది. కాబట్టి ప్రతి జాయింటునూ పరీక్షించాకే వాయువును వదలాలి.

ఇంత శ్రమ పడితే దక్కేది తెల్లటి పొడి. విరిగిన 235 అణువు ఒక ఫ్లోరిన్ పోగొట్టుకుని పెంటాఫ్లోరైడ్ అవుతుంది. అది వాయువుగా ఉండలేక పొడిగా రాలుతుంది. పనిచేసేవాళ్లు దానికి లేజరు మంచు అని పేరు పెట్టుకున్నారు. 1976లో లాస్ అలమోస్ ఈ తీరుగా యురేనియంను శుద్ధి చేసి చూపించింది. పద్ధతి పనిచేస్తుందని రుజువైంది.

1982 తీర్పు

రుజువు చేయడం వేరు, కర్మాగారం నడపడం వేరు. జెట్ ఆగకుండా పోతుంటుంది, కాంతి మాత్రం పల్సు పల్సుగా పడుతుంది. రెండు పల్సుల మధ్య దాటిపోయిన వాయువు వృథా. వృథా కాకూడదంటే సెకనుకు వెయ్యి సార్ల లెక్కన పేల్చాలి. ఏడాది పొడవునా అలా నడిపితే 3,000 కోట్ల పల్సులు దాటుతాయి. ప్రతిసారీ రెండు లేజర్లూ ఒకే బలంతో, ఒకే వేళకు పలకాలి. థైరాట్రాన్ గొట్టం ఆయుష్షు అందులో చిన్న భాగమే. కిటికీ అద్దాలు, ఎలక్ట్రోడులు, వాయువు అన్నీ ఆలోపే మార్చాలి.

ఈలోగా సొంత దేశంలోనే లాస్ అలమోస్‌కు ప్రత్యర్థి తయారైంది. కాలిఫోర్నియాలోని లివర్‌మోర్ ప్రయోగశాల అణువు జోలికి పోలేదు. యురేనియం లోహాన్నే ఆవిరి చేసి, దృశ్యకాంతి లేజర్లతో 235 పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్ ఊడబెరికే దారి ఎంచుకుంది. ఆ లేజర్లను నడిపేది రాగి ఆవిరి లేజరు. ఆ రెండు అణ్వాయుధ ప్రయోగశాలల మధ్య పాత పోటీ ఎలాగూ ఉంది. డబ్బు ఒక్క చోటికే వస్తుందని తెలిశాక ఆ పోటీ ఇంకా ముదిరింది. 1982లో అమెరికా ఇంధన శాఖ తీర్పు చెప్పింది. లివర్‌మోర్ గెలిచింది, లాస్ అలమోస్ పరారుణ–అతినీలలోహిత కార్యక్రమం మూతపడింది. కానీ గెలిచినవాళ్లకూ ఆ గెలుపు నిలవలేదు. 1999లో లివర్‌మోర్ పద్ధతిని కూడా పక్కన పెట్టేశారు. అప్పటికి చమురు భయం తగ్గింది, అణు రియాక్టర్ల ఆర్డర్లు పడిపోయాయి, సెంట్రిఫ్యూజి యంత్రాలు చవకగా, నిదానంగా, నిరాటంకంగా తిరుగుతున్నాయి.

హైదరాబాదుకు వచ్చిన సిలిండర్లు

ఈ పోటీ నీడ మన మీదా పడింది. 1969లో నడక మొదలుపెట్టిన తారాపూర్ రియాక్టర్లకు శుద్ధి చేసిన యురేనియం అమెరికా ఇవ్వాలి. అది హెక్సాఫ్లోరైడ్ రూపంలో సిలిండర్లలో హైదరాబాదుకు వచ్చేది. మౌలాలి దగ్గర 1971లో ఏర్పడిన న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో దాన్ని బిళ్లలుగా, ఇంధన కడ్డీలుగా మార్చేవారు. ఆ సంస్థను తొలినాళ్లలో నడిపింది ఎన్. కొండలరావు. పశ్చిమ గోదావరి జిల్లా మొగల్లులో పుట్టిన ఎ.ఎస్. రావు 1967లో పక్కనే స్థాపించిన ఇ.సి.ఐ.ఎల్. సంస్థ రియాక్టర్ల నియంత్రణ పరికరాలు చేసేది.

1974 మే 18న పోఖ్రాన్‌లో అణుపరీక్ష జరిగింది. ఆ తర్వాత అమెరికా ఇంధనం ఇవ్వడానికి కొర్రీలు మొదలయ్యాయి. 1978లో వాళ్ల చట్టమే మారింది. 1982లో, లాస్ అలమోస్ గదులు మూతపడిన ఏడాదే, ఇందిరాగాంధీ–రీగన్ ఒప్పందంతో ఆ బాధ్యత ఫ్రాన్స్ మీదికి మారింది. తర్వాత చైనా, రష్యా కూడా ఇచ్చాయి. కొర్రీలు పెట్టిన సంవత్సరాల్లో హైదరాబాదు కార్మికులకు, ఇంజనీర్లకు తెలిసొచ్చిన పాఠం ఒకటే. శుద్ధి చేసే యంత్రం ఎవరి చేతిలో ఉంటే తాళంచెవి వాళ్ల చేతిలో ఉంటుంది.

భారతదేశం ప్రధాన దారిగా ఎంచుకున్నది శుద్ధి అక్కర్లేని రియాక్టర్లనే. భారజలంతో నడిచే వీటికి గని యురేనియం అలాగే సరిపోతుంది. శుద్ధి కోసం మైసూరు దగ్గర రట్టెహళ్లిలో సెంట్రిఫ్యూజి కర్మాగారం కట్టుకుంది. పరారుణ లేజరుతో ఐసోటోపులను విడదీసే విద్యను భాభా అణు పరిశోధన కేంద్రం రసాయన శాస్త్రవేత్తలు కార్బన్ 13, ట్రిటియం వంటివాటి మీద సాధన చేశారు. 1984లో ఇండోర్‌లో లేజర్లు, కణ త్వరణ యంత్రాల కోసం ప్రత్యేక కేంద్రానికి పునాది పడింది. కార్బన్ డయాక్సైడ్, రాగి ఆవిరి లేజర్లు అక్కడ మనవాళ్ల చేతుల్లోనే తయారయ్యాయి.

లేజరుతో యురేనియం అన్న కల పూర్తిగా చావలేదు. ఆస్ట్రేలియాకు చెందిన మైకేల్ గోల్డ్‌స్వర్తీ, హోర్స్ట్ స్ట్రూవ్ సైలెక్స్ అనే పద్ధతి రూపొందించారు. వాళ్లు మళ్లీ హెక్సాఫ్లోరైడ్ అణువునూ, 16 మైక్రాన్ల కాంతినీ పట్టుకున్నారు. 2001లో అమెరికా దాన్ని రహస్యాల జాబితాలో చేర్చింది. 2012లో నార్త్ కరోలినాలో కర్మాగారానికి అనుమతి ఇచ్చింది. వ్యాపారం కలిసిరాక ఆ కర్మాగారం లేవలేదు, కానీ పని ఇప్పటికీ సాగుతోంది. చిన్న షెడ్డులో పట్టేంత యంత్రంతో బాంబుకు సరిపడా యురేనియం తీయవచ్చేమో అన్న భయం కూడా దాని వెంటే సాగుతోంది.

ఈ పోటీలో శాస్త్రం ఓడలేదు. త్రోయిత్స్క్‌లోనూ లాస్ అలమోస్‌లోనూ అనుకున్నది అనుకున్నట్టు జరిగింది. ఓడింది స్విచ్చులూ, గొట్టాలూ, అద్దాలూ. ఒక్కసారి రెండు మెరుపులను కలపగలిగిన వాళ్లు, ఏడాదికి మూడు వేల కోట్ల సార్లు కలపలేకపోయారు. పరిశ్రమ గెలిచేది ఆ రెండో లెక్కతోనే.

వచ్చే భాగంలో

యురేనియం దగ్గర పని పోవడానికి ముందే ఎక్సైమర్ లేజరుకు కొత్త ఉద్యోగం దొరికింది. 1981లో అమెరికాలోని ఐ.బి.ఎం. పరిశోధనశాలలో, మద్రాసు విశ్వవిద్యాలయంలో చదివిన రంగస్వామి శ్రీనివాసన్, తన ఇద్దరు సహచరులతో కలిసి ఆ అతినీలలోహిత పల్సును జీవకణజాలం మీద పడేసి చూశాడు. పక్క కణాలను కాల్చకుండా ఒక్కో పొరనే తీసేయగలదని తేలింది. కొద్ది సంవత్సరాల్లోనే ఆ పల్సు కంటి వైద్యుల చేతికి చేరింది. ఇప్పుడు మన ఊళ్ల నుంచి హైదరాబాదు, గుంటూరు వెళ్లి కళ్లద్దాలు వదిలించుకుని వస్తున్నవారిలో చాలామంది కంటిపొరను చెక్కేది ఎక్సైమర్ లేజరే. 8వ భాగం ఆ ప్రయాణం గురించి.